గేదెల బీడులో మడ అడవి: మొక్కల కంటే ముందు నీళ్ల సంగతి

కోరంగి చుట్టుపక్కల ఉప్పుబీళ్లలో మడ అడవి లేపి కార్బన్ క్రెడిట్లు (చెట్లూ మట్టీ దాచుకున్న కార్బన్‌కి లెక్కగట్టి అమ్ముకునేవి) అమ్ముకుందామనేవాళ్లు ముందు అడిగేది, ఎకరాకి ఎన్ని మొక్కలని. అడగాల్సింది పోటు నీరు ఎటొచ్చి ఎటు పోతోందని. చెట్లు కొట్టేశాక ఎండకి నేల కుంగి పళ్లెంలా అవుతుంది. పోటుకి ఎక్కిన నీరు పాటుకి దిగలేక అక్కడే ఆవిరైపోయి ఉప్పు పేరుతుంది. అందులో ఎన్ని నాటినా వేసవికల్లా మిగిలేవి ఎండు పుల్లలే.

అందుకే చేపముల్లు కాలువలు. పాయ నుంచి ఒక పెద్ద కాలువ (పైన 3 మీటర్లు, అడుగున 1, లోతు 1), దానికి రెండువైపులా ఏటవాలుగా పిల్లకాలువలు. గట్లు నిటారుగా తవ్వితే ఒక్క వానకే జారిపోతాయి. మొక్కని వాలు మధ్యలో, పోటు నీరు తడిపి వదిలేచోట నాటాలి. పైకి నాటితే ఎండుతుంది, అడుగున నాటితే ఊపిరాడదు. పూడిక తీతకి డబ్బు విడిగా పెట్టుకోకపోతే రెండు మూడేళ్లకే కాలువ మూసుకుపోయి, కథ మొదటికొస్తుంది.

ఉప్పు ఎక్కువున్నచోట మడ జాతుల్లో తెల్లమడే దిక్కు. ఉప్పుపొన్న అనే జాతి పాయ అంచున, మెత్తటి బురదకే. వరద ఉప్పుని కడిగి పోయాక, అక్టోబరు-నవంబరులో నాటుకోవాలి. 2 మీటర్ల ఎడంతో హెక్టారుకి 2,500.

ఇక గేదె. తెల్లమడ ఆకంటే దానికి ప్రాణం. చిగురు కొరికిందంటే మొక్క ఎదగక పొదలా గిడసబారుతుంది. ఇనుప తీగ కంచె ఉప్పుగాలికి ఎన్నాళ్లు ఆగుతుంది? కాపరులకి మేతబాట, కొంత బీడు వదలడమే మేలు. మొత్తం మూసేస్తే మంద పక్క అడవిలో పడుతుంది; ఆ నష్టాన్ని ‘లీకేజీ’ కింద మన క్రెడిట్లలోంచే కోస్తారు.

ఒక క్రెడిట్ అంటే 1 టన్ను కార్బన్ డయాక్సైడ్. ఎండు కర్రలో కార్బన్ సుమారు 47 శాతం, దాన్ని కార్బన్ డయాక్సైడ్ లెక్కలోకి మార్చడానికి 3.67తో హెచ్చిస్తే టన్ను కర్రకి దాదాపు 1.7 క్రెడిట్లు. కర్ర బరువు లెక్కగట్టేది కాండం చుట్టుకొలతని బట్టి; తెల్లమడకి తరచూ మొదలు దగ్గరే ఒకటికి మించి కాండాలుంటాయి, ఒక్కోదాని చుట్టుకొలత విడిగా తీయాలి. మడ అడవిలో ఎక్కువ కార్బన్ దాగేది మట్టిలోనే కాబట్టి లోతుగా మట్టి నమూనాలూ కావాలి.

వెరా (క్రెడిట్లకి నియమాలు పెట్టి నమోదు చేసే సంస్థ) నియమాల ప్రకారం ప్రాజెక్టు మొదలుకి ముందు 10 ఏళ్లలో సహజ అడవిని క్రెడిట్ల కోసం నరికిన భూమి పనికిరాదు. పాత ఉపగ్రహ చిత్రాలు ముందే తీసిపెట్టుకోవాలి. పోరంబోకు అయితే క్రెడిట్ ఎవరిదో మొదటి తట్ట మట్టి ఎత్తకముందే కాగితం మీద రాయించుకోవాలి.