బ్యాండ్ రాలేదంటే ఆవుకు జబ్బు లేనట్టేనా?

చింతామణి, శ్రీనివాసపురం, ముళబాగిలు చుట్టుపక్కల తెలుగు పల్లెల్లో హెచ్‌ఎఫ్ సంకరజాతి ఆవుకు జ్వరమొచ్చి పాలు పడిపోతే, ముందు పిడుదుల కోసం ఒళ్లంతా తడిమి చూస్తారు. భుజం ముందు గడ్డ వాస్తే థైలేరియా అనుమానం, మూత్రం కాఫీ రంగులో ఉంటే బెబీసియా. రెండూ పిడుదులు అంటించే రక్త పరాన్నజీవులే. రక్తం బెంగళూరు ల్యాబుకు వస్తుంది, పీసీఆర్ (పరాన్నజీవి డీఎన్‌ఏ ముక్కను లక్షల కాపీలు చేసి, జెల్ మీద గీతగా, అంటే బ్యాండ్‌గా చూసే పరీక్ష) అవుతుంది, 'నెగెటివ్' అని కాగితం తిరిగి వెళ్తుంది. ఆ కాగితం కొన్నిసార్లు తప్పు. ఆ తప్పు కొట్టంలోనే మొదలవుతుంది.

ఇంజెక్షన్ పడకముందే రక్తం తీయాలి. ఈ జబ్బులకు వాడే బుపార్వాక్వోనో ఆక్సీటెట్రాసైక్లినో ఇచ్చాక తీస్తే పరాన్నజీవులు తగ్గిపోయి ఉంటాయి. రక్తం గడ్డకట్టకుండా ఈడీటీఏ మందు ఉన్న ఊదా మూత ట్యూబే వాడాలి. పచ్చ మూత ట్యూబులోని హెపారిన్ పీసీఆర్‌ను అడ్డుకుంటుంది. గీత దాకా నింపి, గట్టిగా కుదపకుండా ఎనిమిది పదిసార్లు తలకిందులు చేయాలి. ఐస్‌ప్యాక్‌కు ట్యూబు నేరుగా తగలకుండా మధ్యలో గుడ్డ పెట్టండి, లేకపోతే ఎర్రకణాలు పగిలిపోతాయి.

ల్యాబులో అసలు ఉచ్చు డీఎన్‌ఏ తీసే దగ్గరుంది. రక్తం నుంచి డీఎన్‌ఏ తీసే కొన్ని పద్ధతుల్లో ముందు ఎర్రకణాలను పగలగొట్టి, మెల్లగా తిప్పి, పై ద్రవం పారబోస్తారు. తెల్లకణాల డీఎన్‌ఏ కావాలంటే అది సరే. బెబీసియా, పిడుదులే అంటించే అనాప్లాస్మా ఉండేది ఎర్రకణాల్లోనే కదా! థైలేరియా సైతం, కోలుకున్న పశువులో, ఎక్కువగా అక్కడే దొరుకుతుంది. వెతకాల్సినదాన్నే సింకులో పోసినట్టవుతుంది. 200 మైక్రోలీటర్ల మొత్తం రక్తం తీసుకుని, ప్రోటీన్లను కరిగించే ప్రోటీనేజ్-కె ఎంజైము కలిపి 56 డిగ్రీల సెల్సియస్ వద్ద ఉంచి, డీఎన్‌ఏను పట్టి ఉంచే కాలమ్ మీద కడగండి. చివర్లో వచ్చిన ద్రవం గోధుమరంగులో ఉంటే పీసీఆర్‌ను అడ్డుకునే హీమ్ (రక్తపు ఎర్రరంగు పదార్థం) మిగిలిందని అర్థం. ఇంకోసారి కడగాలి, లేదా డీఎన్‌ఏను పదింతలు పలచన చేసి పెట్టాలి.

రియాక్షన్ 25 మైక్రోలీటర్లు: 2ఎక్స్ మాస్టర్‌మిక్స్ 12.5, పది మైక్రోమోలార్ ప్రైమర్లు (వెతికే జన్యువుకు అతుక్కునే చిన్న డీఎన్‌ఏ ముక్కలు) ఒక్కోటి 1, డీఎన్‌ఏ 2, నీళ్లు 8.5. పక్కన ఆవు బీటా-యాక్టిన్ జన్యువుకు ఒక ట్యూబు తప్పనిసరి. అందులోనూ బ్యాండ్ రాకపోతే అది నెగెటివ్ కాదు, పరీక్షే జరగలేదు. రెండు రౌండ్లుగా చేసే నెస్టెడ్ పీసీఆర్ అయితే మొదటి రౌండ్ ట్యూబు తెరిచే గది వేరుగా ఉండాలి. లేకపోతే గాల్లో తేలిన ముక్కలే ఉత్త నీళ్ల ట్యూబును సైతం పాజిటివ్ చేస్తాయి.

ప్రైమర్ ఏదో రిపోర్టులో తప్పక రాయించుకోండి. థైలేరియా అన్యులేటా జాతికి వాడే టామ్స్-1 జన్యువు ప్రైమర్లు 721 బేస్‌పెయిర్ల బ్యాండ్ ఇస్తాయి, కానీ ఇంకో జాతి థైలేరియా ఓరియెంటాలిస్‌ను పట్టుకోవు. 18ఎస్ జన్యువు మీద పనిచేసే ఉమ్మడి ప్రైమర్లు థైలేరియా, బెబీసియా రెండింటినీ పట్టుకుంటాయి. ఏ జాతో తేలాలంటే సీక్వెన్సింగ్ కావాలి. అనాప్లాస్మా బాక్టీరియా కాబట్టి ఈ 18ఎస్ ప్రైమర్లకూ దొరకదు, ఎంఎస్‌పీ-5 లాంటి వేరే జన్యువు మీద చూడాలి.

ఇక పాజిటివ్ వచ్చినంత మాత్రాన సూది వేయకండి. ఒకసారి కోలుకున్న ఆవు నెలల తరబడి పరాన్నజీవిని మోస్తూనే ఉంటుంది, బ్యాండ్ వస్తూనే ఉంటుంది. జ్వరం 104 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటి, గడ్డ వాచి, స్మియర్‌లో (స్లైడు మీద పల్చగా లాగిన రక్తంలో) కూడా పరాన్నజీవి కనబడితే అప్పుడు కిలో బరువుకు 2.5 మిల్లీగ్రాముల బుపార్వాక్వోన్ సంగతి పశువైద్యుడు చూస్తారు. అందుకే ట్యూబుతో పాటు, చెవి అంచు రక్తంతో పల్చగా లాగి, గాలికి ఆరాక మిథనాల్‌లో ముంచి, మళ్లీ ఆరబెట్టిన రెండు స్లైడ్లు పంపండి. ఆవు చెవి ట్యాగు నంబరు, ఆ రోజు జ్వరం, ఇచ్చిన మందులు స్లైడు కవరు మీద రాయండి.