బ్యాండికూట్ అంటే పందికొక్కేనా?

ఇంగ్లీషు నిఘంటువుల్లో మూలం తెలుగు అని రాసి ఉండే మాటలు బహు కొద్ది. కటమరాన్ తమిళం నుంచి, టీక్ మలయాళం నుంచి వెళ్లినట్టుగా, మన వైపు నుంచి సందేహం లేకుండా వెళ్లిందని చెప్పుకోదగ్గ మాట బ్యాండికూట్. అది మన పందికొక్కే. సంగీతానికో శిల్పానికో చెందిన మాట కాకుండా గాదె కింద బొరియ తవ్వే జంతువు పేరు సముద్రాలు దాటడం కొందరికి చిన్నతనంగా తోచవచ్చు గాని, నాకు మాత్రం ఇదే సహజమనిపిస్తుంది. ఓడ దిగిన వర్తకుడికి మన కావ్యాల కన్నా ముందు తారసపడేది గిడ్డంగిలో బస్తాలు కొరికే ప్రాణే కదా!

భారతదేశంలోని ఇంగ్లీషువారి వాడుక మాటలను యూల్, బర్నెల్ అనే ఇద్దరు పోగుచేసి 1886లో ప్రచురించిన హాబ్సన్-జాబ్సన్ అనే నిఘంటువు ఈ మాటకు తెలుగు మూలాన్నే చూపింది. పంది, కొక్కు అనే రెండు మాటలు కలిసిన సమాసమిది. కొక్కు అంటే పెద్ద ఎలుక అని ఇప్పుడు విడిగా వాడేవారు తక్కువే గాని, సమాసంలో మాత్రం ఆ మాట చెక్కుచెదరకుండా నిలిచింది. మొదటి పకారం బకారంగా ఎందుకు మారిందంటే, ఇంగ్లీషువారు మాట మొదట్లోని పకారాన్ని గాలి ఒత్తి పలుకుతారు కనుక, ఒత్తు లేని మన పకారం వారి చెవికి బకారంలా వినిపించి ఉంటుందని నా ఊహ. పలికేటప్పుడు ఊనిక మొదటి అక్షరం మీద ఉంచి, చివరి కూట్‌ను దీర్ఘంగా అంటే సరిపోతుంది.

పందికొక్కును దగ్గరగా చూసినవారికి పేరులో పంది ఎందుకుందో వేరే చెప్పనక్కర్లేదు. మూలకు తరిమితే పారిపోవడానికి బదులు వీపు మీది ముతక వెంట్రుకలు నిక్కబొడుచుకుని పందిలా గుర్రుమంటుంది. శాస్త్రజ్ఞులు బ్యాండికోటా ఇండికా అని పిలిచే పెద్ద రకం, తోక కాక ఒళ్లే అడుగు దాకా పెరిగి, కిలో వరకూ తూగుతుంది. వరిచేల గట్లను గుల్ల చేసేది ఎక్కువగా దీని చిన్న బంధువైన బ్యాండికోటా బెంగాలెన్సిస్. ఇది పగటిపూట బొరియ నోటిని తవ్విన వదులు మట్టితోనే మూసి లోపల పడుకుంటుంది, రాత్రి బయటికొచ్చి పిలకలు కొరుకుతుంది, కంకులు కోసి నేల కింది అరల్లో దాచుకుంటుంది. శాస్త్రనామంలో కూడా తెలుగు మాటే లాటిన్ వేషం కట్టుకుని కూర్చోవడం నాకు భలే ముచ్చటగా ఉంటుంది.

ఇంతవరకు అర్థం తేలికే. చిక్కంతా ఆస్ట్రేలియాలో మొదలవుతుంది. 1799లో జార్జ్ బాస్ అనే అన్వేషకుడు అక్కడి ఒక పొడుగు ముక్కు జంతువుకు ఈ పేరు వాడాడు. పోలిక పైపైనే. ఆ జంతువు ఎలుక జాతిది కాదు, కంగారూ మాదిరిగా కడుపు సంచిలో పిల్లల్ని పెంచేది. నేల తవ్వేటప్పుడు మట్టి లోపల పడకుండా దాని సంచి మూతి వెనక్కి తెరుచుకుని ఉంటుంది. కొన్ని రకాలు పన్నెండు రోజుల గర్భంతోనే ఈనుతాయి. ఇంతకన్నా విడ్డూరం ఇంకొకటుంది. అక్కడి ఒక రకానికి కాళ్లు పంది గిట్టల్లా కనిపించడంతో పందికాళ్ల బ్యాండికూట్ అని పేరు పెట్టారు. అప్పటికే పేరులో ఒక పంది ఉన్నదని ఎరగక మరొక పందిని తెచ్చి తగిలించారన్నమాట! పాపం, ఆ రకం ఇరవయ్యో శతాబ్దిలో పూర్తిగా అంతరించిపోయింది.

సిడ్నీ ఉత్తర శివార్లలో ఉంటున్న మా మేనకోడలు, తమ పెరటి పచ్చికలో రాత్రికి రాత్రి గరాటు ఆకారపు గుంటలు పడుతున్నాయనీ, అది బ్యాండికూట్ పని అని తెలిసి పక్కింటివారు సంబరపడ్డారనీ చెప్పినప్పుడు, మా అక్క ఫోనులోనే విస్తుపోయింది. "పందికొక్కు చొరబడితే సంబరమేమిటే, బోను పెట్టించక?" అని కోప్పడింది. అక్కడ బోను పెడితే చట్టం ఊరుకోదు. వాళ్ల బ్యాండికూట్ పురుగుల్నీ వేరుదుంపల్నీ వెతుక్కుంటూ మట్టిని తిరగవేసి నేలకు మేలు చేసే జీవి, పైగా చాలా రకాలు ముప్పులో ఉన్నాయి. విక్టోరియా రాష్ట్రంలో చారల బ్యాండికూట్ అడవుల్లో అంతరించిందని ఒకప్పుడు ప్రకటించారు. కంచెలు కట్టిన స్థలాల్లోనూ, నక్కలు లేని దీవుల్లోనూ ఏళ్ల తరబడి పెంచిన మీదట, 2021లో ఆ ప్రకటనను సవరించి, ఆపదలో ఉన్న జాతుల వరుసలోకి మార్చారు. ఒక జంతువు ఆపదలో ఉందనడం శుభవార్త కావడం ఎంత అరుదో చూడండి.

కనుక ఈ మాటను వాడేటప్పుడు మొదట చూడవలసింది చదివేవారు ఎక్కడివారన్నది. చెన్నై ఇంగ్లీషు పత్రికలో బ్యాండికూట్ అని ఉంటే అది మురుగుకాలువ దగ్గర తిరిగే పందికొక్కు, తమిళులు పెరుచ్చాళి అనేది. సిడ్నీ పత్రికలో ఉంటే సంచిజీవి. ఇద్దరికీ ఒకేసారి రాయవలసి వస్తే మన జంతువుకు బ్యాండికూట్ ర్యాట్ అని ఎలుకను జోడించడం శాస్త్ర గ్రంథాల పద్ధతి, అదే క్షేమం. పిల్లలకైతే ఈ మాట 1996లో వచ్చిన క్రాష్ బ్యాండికూట్ అనే వీడియో గేమ్ ద్వారానే ఎక్కువగా తెలుసు. కేరళలోని ఒక అంకుర సంస్థ మ్యాన్‌హోళ్లలోకి మనుషులు దిగే దుస్థితి పోవాలని చేసిన యంత్రానికి 2018లో ఇదే పేరు పెట్టింది. మన పందికొక్కుకు దక్కిన గౌరవాల్లో నాకు బాగా నచ్చినది ఇదే.

ఆస్ట్రేలియా ఇంగ్లీషులో బ్యాండికూట్ క్రియగా కూడా పనిచేస్తుంది. పైన మొక్క నిలబడి ఉండగానే, యజమానికి అనుమానం రాకుండా, వేళ్ల దగ్గర తవ్వి బంగాళాదుంపలు ఎత్తుకుపోవడాన్ని బ్యాండికూటింగ్ అంటారు. సంచిజీవిని చూసి పుట్టిన ఈ క్రియ మన పందికొక్కు స్వభావానికే ఎక్కువగా సరిపోవడం తమాషా.

అనువాదాలు చేసేవారికి అసలు పరీక్ష నుడికారంలో ఎదురవుతుంది. గాదె కింది పందికొక్కు అంటే, ఎవరి కష్టం మీదో కూర్చుని తిని బలిసేవాడని మనకు చప్పున అందుతుంది. రాజకీయ సభల్లో పందికొక్కుల్లా మెక్కారని ఒకరినొకరు తిట్టుకోని ఎన్నికలుండవు. దాన్ని ఉన్నదున్నట్టు బ్యాండికూట్‌లా తిన్నాడని ఇంగ్లీషులో పెడితే లండను పాఠకుడికి ఏమీ తోచదు. ఆస్ట్రేలియా పాఠకుడు మరీ తికమకపడతాడు, ఎందుకంటే అక్కడి వాడుకలో బ్యాండికూట్‌లా ఉన్నాడంటే దిగులుగా, దీనంగా ఉన్నాడని. తిట్టు కాస్తా జాలిగా మారిపోతుంది. అలాంటి చోట జంతువును వదిలేసి, ధాన్యపు కొట్లో చేరిన ఎలుక అని రాయడమే మేలని నా అభిప్రాయం. కథ జరిగేది కోనసీమలోనో ఖమ్మంలోనో అయి, ముందు పేజీల్లో ఆ జంతువును పాఠకుడు ఒకసారి చూసి ఉంటే మాత్రం బ్యాండికూట్ అనే ఉంచవచ్చు.