పాత డొమైన్ కంట్రోలర్‌ని తీసేసిన రోజులు: నా అనుభవం

మా కాలేజీ సర్వర్ రూమ్‌లో పాత డొమైన్ కంట్రోలర్ (అందరి లాగిన్లనూ సరిచూసే సర్వర్) పవర్ బటన్ మీద ఒక కాగితం అంటించి ఉండేది: "దయచేసి ఆపవద్దు". విండోస్ సర్వర్ 2012 ఆర్2 మెషీన్ అది. మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే సెక్యూరిటీ అప్‌డేట్లు దానికి 2023 అక్టోబర్ 10తో ఆగిపోయాయి. స్టాఫ్ అందరి అకౌంట్లూ అందులోనే ఉన్నాయన్న సంగతి గుర్తొస్తే చాలు, టెన్షన్ మొదలయ్యేది.

సర్వర్ 2022 మెషీన్లు రెండు తెచ్చాం. మొదటిదాన్ని డొమైన్ కంట్రోలర్‌గా చేర్చబోతే మొదట్లోనే ఆగింది. మా డొమైన్ (కాలేజీ కంప్యూటర్లు, అకౌంట్లన్నీ కలిపిన నెట్‌వర్క్) 2003 సర్వర్ల కాలం నాటిది. గ్రూప్ పాలసీలు (కంప్యూటర్లకు పెట్టే సెట్టింగులు), లాగాన్ స్క్రిప్టులు ఉండే సిస్‌వాల్ ఫోల్డర్ సర్వర్ల మధ్య కాపీ అవడానికి ఇంకా ఎఫ్‌ఆర్‌ఎస్ అనే పాత పద్ధతి మీదే ఉంది. కొత్త సర్వర్లు దాన్ని ఒప్పుకోవు. డీఎఫ్‌ఎస్‌ఆర్ అనే కొత్త పద్ధతికి మార్చడంలో 3 దశలు. మొదటి రెండింటి నుంచి వెనక్కి రావచ్చు, మూడోది దాటితే రాలేం. అందుకని రెండో దశలో ఒక రోజు ఆగి, లాగిన్లు సరిగ్గా ఉన్నాయని చూసుకున్నాకే ముందుకెళ్లాను.

5 ఎఫ్‌ఎస్‌ఎమ్‌ఓ రోల్స్ (ఒక్కోటీ ఒక్క సర్వర్ మాత్రమే చేయగల ప్రత్యేక బాధ్యతలు) కొత్త సర్వర్లకు మార్చడానికి పది నిమిషాలు కూడా పట్టలేదు. వాటిలో డొమైన్ మొత్తానికి టైమ్ చెప్పే పీడీసీ రోల్ వెళ్లిన సర్వర్‌కి టైమ్ సెట్టింగ్ కూడా ఇవ్వాలి, చాలామంది ఇది మర్చిపోతారు. గడియారాల మధ్య తేడా 5 నిమిషాలు దాటితే మామూలు సెట్టింగుల్లో కెర్బెరోస్ (లాగిన్ సరిచూసే పద్ధతి) లాగిన్ కానివ్వదు.

అసలు పనంతా డీఎన్‌ఎస్ (పేరు చెబితే ఐపీ అడ్రస్ చెప్పే సర్వీస్) దగ్గరే. దానికోసం కంప్యూటర్లన్నీ పాత సర్వర్‌నే అడుగుతున్నాయి. డీహెచ్‌సీపీ ద్వారా ఆటోమేటిక్‌గా అడ్రస్ తీసుకునే కంప్యూటర్లకు ఒక్కచోట మారిస్తే సరిపోయింది. చేత్తో ఐపీ రాసిపెట్టిన వాటిని కనిపెట్టేదెలా? పాత సర్వర్‌లో డీఎన్‌ఎస్ డీబగ్ లాగింగ్ (ఎవరు అడిగారో ఫైల్‌లో రాసిపెట్టేది) ఆన్ చేసి రెండు రోజులు వదిలాను. ఇంకా దాన్నే అడుగుతున్న ఐపీలన్నీ ఫైల్‌లో వరసగా కనిపించాయి: వైఫై కంట్రోలర్, వేలిముద్రల అటెండెన్స్ మెషీన్, లైబ్రరీలో రెండు సిస్టమ్‌లు. ఒక్కొక్క దాని దగ్గరికీ వెళ్లి మార్చుకుంటూ వచ్చాను.

తర్వాత, డిమోట్ చేయకుండానే (అంటే డొమైన్ కంట్రోలర్ హోదా తీసేయకుండానే), శనివారం సాయంత్రం ఆ కాగితం పక్కకు తీసి సర్వర్ ఆపేశాం. సోమవారం పొద్దున్నే ఎగ్జామ్ బ్రాంచ్ నుంచి ఫోన్. "సార్, స్కాన్ చేసింది ఫోల్డర్‌లోకి రావట్లేదండీ." స్కానర్ డీఎన్‌ఎస్‌ని అడగకుండా నేరుగా ఐపీకే వెళ్తుంది, అందుకే లాగ్‌లో దొరకలేదు. అందులో ఎల్‌డ్యాప్ (అకౌంట్ల వివరాలు అడిగే పద్ధతి) సర్వర్ అని పాత ఐపీయే ఉంది. మార్చగానే పనిచేసింది. ముందే డిమోట్ చేసేసి ఉంటే, ఇలాంటివి ఇంకో పది బయటపడినా పాత సర్వర్‌ని మళ్లీ ఆన్ చేసి గట్టెక్కే దారి ఉండేది కాదు.

వారం గడిచాక పాత సర్వర్‌ని ఆన్ చేసి, రెప్లికేషన్‌లో (సర్వర్ల మధ్య డేటా కాపీ అవడంలో) తప్పులేవీ లేవని రెపాడ్మిన్ అనే టూల్‌తో చూసి, అప్పుడు డిమోట్ చేశాను. బలవంతంగా తీసేసే ఆప్షన్ జోలికి పోలేదు, దానితో మిగిలే చెత్త మనమే ఏరుకోవాలి. మామూలుగా తీసినా సైట్స్ అండ్ సర్వీసెస్ అనే టూల్‌లో పాత సర్వర్ పేరు మిగిలింది, దాన్ని తీసేశాను. డీఎన్‌ఎస్ జోన్‌లో నేమ్ సర్వర్ల జాబితా కూడా చూసి సరిచేశాను.

మెషీన్ స్క్రాప్‌కి వెళ్లింది. డిస్కులు మాత్రం వెళ్లనివ్వలేదు. ఏళ్ల తరబడి అందరి పాస్‌వర్డ్ హ్యాష్‌లు (పాస్‌వర్డ్‌లను మార్చి దాచిన రూపాలు) వాటి మీదే ఉన్నాయి కదా. పూర్తిగా చెరిపి, డ్రిల్లింగ్ మెషీన్‌తో నా ముందే బెజ్జాలు వేయించాను.