గొంతులో గింజ

గుటక వేస్తే దిగదు, కాండ్రించినా రాదు. అన్నం తినేటప్పుడు మాత్రం అడ్డేమీ ఉండదు. చైనా సంప్రదాయ వైద్యంలో దీని పేరు ‘మెయ్ హ చీ’: మెయ్ అనే పుల్లటి పండు గింజ గొంతులో ఇరుక్కున్నట్టుండే బాధ. మనకైతే రేగు గింజ అనుకుంటే సరిపోతుంది. ముద్ద నిజంగానే దిగకపోయినా, నొప్పి, రక్తం, బరువు తగ్గడం, వారాల తరబడి బొంగురు గొంతు వీటిలో ఏదున్నా కషాయం సంగతి తర్వాత, ముందు ఇ.ఎన్.టి. డాక్టరుకు చూపించాలి.

దీనికి వాళ్లు చెప్పే కారణం దిగమింగుకున్న కోపం, తెగని ఆలోచన. వాళ్ల ప్రాచీన వైద్య గ్రంథం ‘హ్వాంగ్‌ది నేయ్‌జింగ్’ ప్రకారం కోపం వస్తే చీ, అంటే ఒంట్లో పారే ప్రాణశక్తి, పైకెగస్తుంది, భయపడితే కిందికి జారుతుంది, అతిగా ఆలోచిస్తే ముడిపడుతుంది. మనం ‘గుండె జారింది’ అంటామే, అలాంటి లెక్కే. చీని సాఫీగా పారించేది కాలేయం. స్కానింగులో కనిపించే అవయవం అని కాదు, ఆ పని మొత్తానికి వాళ్లు పెట్టుకున్న పేరది. ఆ పారుదల ఆగితే ప్లీహం తేమను సరిగా నడపలేదు. నిలిచిన తేమ చిక్కబడి కఫమవుతుంది. కిందికి దిగాల్సిన ఊపిరితిత్తుల చీ, జీర్ణాశయపు చీ దిగవు. అప్పుడు కఫమూ చీ కలిసి గొంతు దగ్గర ముడి వేసుకుంటాయి. అందుకే కఫం ఒక్కటే కరిగించినా, మనసు ఒక్కటే కుదుటపరచినా పని సగమే అవుతుందంటారు.

మందు బాన్‌షియా హౌపో తాంగ్ అనే కషాయం. సుమారు 1800 ఏళ్ల కిందట చాంగ్ చోంగ్‌చింగ్ అనే చైనా వైద్యుడు దీన్ని ఆడవాళ్ల రోగాల కింద రాశాడు, గొంతులో కాల్చిన మాంసం ముక్క ఉన్నట్టుంటే ఇమ్మని. తర్వాత మగవాళ్లకూ వాడారు. ఇప్పటి పాఠ్యపుస్తకాల కొలత: బాన్‌షియా దుంప 12 గ్రాములు, హౌపో చెట్టు బెరడు 9, పైన్ చెట్ల వేళ్లపై పెరిగే ఫూలింగ్ శిలీంధ్రం 12, పచ్చి అల్లం 15, సూ (పెరిల్లా) ఆకు 6. పాత పద్ధతిలో ఏడు పాళ్ల నీళ్లు నాలుగు పాళ్లయ్యేదాకా మరిగించి, పగలు మూడుసార్లు, రాత్రి ఒకసారి గోరువెచ్చగా తాగాలి. సూ ఆకు సువాసన ఆవిరైపోకుండా దాన్ని చివర్లో వేస్తారు.

బాన్‌షియా మన కంద, చేమల కుటుంబానిదే. పచ్చి కంద గొంతు ఎలా దురద పెడుతుందో తెలిసినవాళ్లకు దీని సంగతి చెప్పక్కర్లేదు. సూదుల్లాంటి ఆక్సలేట్ స్ఫటికాల వల్ల పచ్చి దుంప నోటినీ గొంతునూ మండిస్తుంది, వాపు తెస్తుంది. అందుకే అల్లం, పటికలతో శుద్ధి చేసిందే వాడాలి. శుద్ధి చేయనిది ఇంట్లో ఉడకబెట్టడం ప్రమాదం.

పొరపాటు ఎక్కువగా జరిగేది రోగిని ఎంచుకోవడంలో. నాలుకపై తెల్లగా, జిగటగా పూత ఉంటే ఈ మందు కుదురుతుంది. నాలుక ఎర్రగా, పూత లేకుండా ఉండి నోరెండిపోతున్న మనిషికి ఇస్తే, ఇది వేడిచేసి ఆరబెట్టే మందు కాబట్టి, గొంతు ఇంకా ఎండి బాధ పెరుగుతుంది.