జిష్ట మొహమా!

దీపాల వేళకు తల విరబోసుకుని తిరిగితే జిష్ట మొహం. పక్క దుప్పటి మడత పెట్టకపోతే జిష్ట మొహం. తిన్న కంచం ఎండబెట్టినా అదే. మా తెనాలి అమ్మమ్మకి మురికి, బద్ధకం రెండూ కలిపి తిట్టడానికి ఈ ఒక్క మాట చాలు. హైదరాబాద్‌లో 'గలీజ్' అంటారు, ఉర్దూ నుంచి వచ్చింది. అది మురికి దగ్గరే ఆగిపోతుంది. జిష్ట అంటే ఇంటికి అరిష్టం కూడా.

అసలు మాట జ్యేష్ఠ. అందరికంటే పెద్దది అని అర్థం, అంతే. నెలకీ నక్షత్రానికీ ఉన్న పేరే. జనం నోట నలిగి జేష్ట, జిష్ట అయింది. (ఆ లెక్కన మా ఇంట్లో పెద్దపిల్లనైన నాకు తిట్టు న్యాయంగానే తగిలింది.)

ఆ పేరుతో ఒక దేవత ఉంది, జ్యేష్ఠాదేవి. పాలసముద్రంలో లక్ష్మి కంటే ముందు పుట్టిందట ఈవిడ. అక్క పెళ్లి కాకుండా నేను చేసుకోనని లక్ష్మి పట్టుబడితే, విష్ణువు ఉద్దాలక మహర్షికి ఇచ్చి చేశాడని పద్మపురాణంలోని కార్తీక మాహాత్మ్యంలో ఉంది. ఆశ్రమంలో వేదఘోష, శుభ్రత చూసి ఈవిడ గుమ్మం దాటనంది. రోజూ కొట్లాడుకునే ఇల్లు, పాచి ఇల్లు ఉంటే చూడమంది. ఆయన రావిచెట్టు కింద కూర్చోబెట్టి, ఇప్పుడే వస్తానని వెళ్లినవాడు మళ్లీ రాలేదు. నన్నడిగితే కథలో తిట్టాల్సింది ఆయన్నే. ఏడుస్తున్న అక్కని చూడ్డానికి శనివారం శనివారం లక్ష్మి వస్తుంది కాబట్టి, ఆ రోజు తప్ప రావిచెట్టును ముట్టుకోవద్దంటారు.

లక్ష్మి మనకి అమ్మ, ఈవిడ పెద్దమ్మ. అందుకే పేరెత్తడం ఇష్టంలేనివాళ్లు 'పెద్దమ్మవారు' అంటారు.

ఒకప్పుడు ఈవిడకి గుళ్లుండేవి. మదురై దగ్గర తిరుప్పరంకుండ్రం కొండలో పాండ్యరాజు సామంతుడి భార్య ఈవిడకి గుహాలయం తొలిపించినట్టు క్రీ.శ. 773 నాటి శాసనం ఉంది. కంచి కైలాసనాథాలయంలోనూ శిల్పముంది. కాకి జెండా, గాడిద వాహనం, చేతిలో చీపురు ఈవిడ గుర్తులు.

చీపురు పట్టుకున్నావిడ మురికికి దేవత ఎలా అయిందే అని అమ్మమ్మని అడిగాను.

"పట్టుకుంటే సరా? ఊడవద్దూ!" అంది.