సమోవన్ అక్షరాలు: అన్నీ వచ్చాయి, ఙ తప్ప

మళ్లీ ‘తఙత’ దగ్గరే ఆగింది బండి. పసిఫిక్‌లోని సమోవా దీవుల భాషలో మనిషి అని అర్థం, రోజూ వాడే మాట. నోట్లోంచి మాత్రం ‘తంగత’ అనే వస్తోంది.

అచ్చుల పని అయిపోయింది. ఐదు హ్రస్వాలు, వాటికి ఐదు దీర్ఘాలు, పైన అడ్డగీత ఉంటే దీర్ఘం. తమ అంటే అబ్బాయి, తమా అంటే తండ్రి. త మన త లాంటిదే, ప, త, క లకు ఒత్తు ఉండదు. ఇంగ్లిష్ వాళ్ల కోసం తయారైన పాఠాలు ఈ రెండు సంగతుల మీదే నానా తంటాలు పడతాయి. తెలుగువాళ్లు ఆ భాగం చదవకుండా వదిలేయొచ్చు.

జీ అక్షరం కథ వేరు. సమోవన్‌లో దాన్ని ఙ అని పలకాలి. న్యూజిలాండ్ భాష మావోరీలో ఇదే ధ్వనికి ఎన్, జీ కలిపి రాస్తారు, సమోవన్‌లో ఒక్క జీతో సరి. పటంలో పాగో పాగో అని చదివే ఊరు నిజానికి పఙొ పఙొ. అక్షరాలు అప్పజెప్పేటప్పుడు ఫా తర్వాత వచ్చేదే ఙా. ‘ఒ అఇ లొఉ ఇఙొఅ?’ అని పేరు అడగాలన్నా ఇదే అడ్డం.

మన వర్ణమాలలో ఙ ఉందన్న ధీమా ఇక్కడ పనికిరాదు. బెంగ, లంక, అంగడి: వాఙ్మయం లాంటి ఒకటి అరా తప్ప, మనకు ఈ ధ్వని వచ్చిన ప్రతిచోటా వెనకే క గానీ గ గానీ ఉంటుంది. నాలుకకు ఆ జతే అలవాటు.

ధ్వనిని బొమ్మగా చూపే ప్రాట్ అనే సాఫ్ట్‌వేర్‌లో పెట్టి కొలిస్తే తప్పు ఎక్కడుందో కనిపించింది. ముక్కు ధ్వని సుమారు 130 మిల్లీసెకన్లు సాగుతోంది, తర్వాత 25 మిల్లీసెకన్ల పాటు దారి పూర్తిగా మూసుకుపోతోంది, దాని చివర సన్నటి నిలువు గీత పడుతోంది. ఆ గీతే గ. సమోవన్ మాతృభాషగా ఉన్నవాళ్ల రికార్డింగులో మూతా లేదు, గీతా లేదు. ముక్కు ధ్వని నేరుగా అచ్చులో కలిసిపోతుంది. నా అంచనా ఇది: నాలుక వెనకభాగం ఇంకా పైన ఆని ఉండగానే మెత్తటి అంగిలి లేచి ముక్కుదారి మూసేస్తోంది. నాలుక ముందు దిగాలి, ముక్కుదారి ఆ తర్వాత మూసుకోవాలి.

ఙ్ అని సాగదీస్తూ ముక్కు మూసి చూశాను. శబ్దం టక్కున ఆగింది. అంటే పట్టు సరిగ్గానే ఉంది, విడుపులోనే లోపం. ‘బెంగ’లో సున్నా దగ్గర ఆగి, గ వదిలేసి ‘బెఙ్... అ’ అనే పద్ధతి నెమ్మదిగా అంటే బాగుంటుంది, వేగం పెంచగానే గ తిరిగొస్తుంది. తర్వాతి అచ్చును కూడా ముక్కుతోనే పలికి, ‘తఙఁత’ అన్నట్టు, ఆ ముక్కుపాలు మెల్లగా తగ్గించుకుంటూ రావడమే ఇప్పటికి మేలు. మూత 10 మిల్లీసెకన్లకు దిగింది.

కానీ అచ్చును బట్టి ఫలితం మారుతోంది. ఫఙు (సీసా), లొఙొ (గంట) దాదాపు శుభ్రం. లఙి (ఆకాశం), మతఙి (గాలి) అంటే మాత్రం నాలుక ముందుకు జారి లఞి, మతఞి అవుతున్నాయి. మాట మొదట్లో ఇంకా కష్టం: ఙత (పాము) ఒకసారి నత, ఇంకోసారి గత. ముందు ‘లె’ తగిలించి ‘లె ఙత’ అని, ఆ లె ని గుసగుసగా తగ్గిస్తే కొంత నయం. భాష అనే మాటే ‘ఙఙన’ కావడం శిక్షలా ఉంది.

పరికరాల మాట: రికార్డింగుకు ఆడాసిటీ చాలు, కొలతకు ప్రాటే, చూడ్డానికి ఎంత పాతగా ఉన్నా. ఫోన్‌లో రికార్డు చేస్తే చప్పుడు తగ్గించే సదుపాయం ఆపేయండి, అది ముక్కు ధ్వనినీ కోసేస్తుంది.

కొమ లిలిఉ, అంటే గొంతు బిగబట్టే గుర్తు, లొంగింది: ఉలు అంటే తల, ముందు ఆ గుర్తు పెట్టి ‘ఉలు అంటే సీమపనస. పత్రికల్లో ఈ గుర్తును తరచూ వదిలేస్తారు కాబట్టి మాట తెలిసి ఉండాలి.

ఙ వదిలేసి ముందుకు పోదామన్నా కుదరదు. బడిలో, చర్చిలో వాడేది తఉతల లెలెఇ, అంటే పద్ధతైన మాట. ఇంట్లో, స్నేహితుల మధ్య త కాస్తా క అవుతుంది, న కాస్తా ఙ అవుతుంది. తఙత కఙక అవుతుంది, ఒళ్లు అనే తినొ కిఙొ అవుతుంది. అక్కడ ఙ బెడద రెట్టింపు. ప్రస్తుతానికి అన (గుహ), అఙ (నడత) జంట మీదే సాధన. ముక్కు కింద చిన్న అద్దం పెట్టి, ఙ దాటి అచ్చు మొదలయ్యాక కూడా ఆవిరి పడుతోందో లేదో చూడాలి. అది కుదిరాక ఙి, ఆ తర్వాతే కఙక.