రోశయ్య గారి పాత వీడియో

రాత్రి నిద్రపట్టక ఫోన్ తిప్పుతుంటే కొణిజేటి రోశయ్య గారి పాత అసెంబ్లీ వీడియో ఒకటి కనబడింది. ఒక్కటే చూద్దామనుకున్నా. గంట గడిచిపోయింది.

చిన్నప్పుడు బడ్జెట్ రోజున మా నాన్న టీవీ ముందు నుంచి లేచేవారు కాదు. నా కార్టూన్లు పోయేవి, ఆ కోపమంతా బడ్జెట్ చదివే ఆర్థిక మంత్రి రోశయ్య గారి మీదే! లెక్కల మధ్యలో ఆయన విసిరే చురకకి నాన్న ఎందుకు పడీపడీ నవ్వేవారో నిన్న అర్థమైంది.

గుంటూరు జిల్లా వేమూరులో పుట్టి, 1968లో శాసనమండలికి వెళ్లిన మనిషి. ఎందరో ముఖ్యమంత్రుల దగ్గర మంత్రి. 2009 సెప్టెంబరులో వైఎస్ పోయాక, 76 ఏళ్ల వయసులో ముఖ్యమంత్రి కుర్చీ ఈయనకొచ్చింది. ఏడాదిన్నర కూడా నిండలేదు, అంతా టెన్షనే.

2011లో తమిళనాడు గవర్నర్. అక్కడ మాత్రం పూర్తిగా ఐదేళ్లు. జయలలిత చేత, అంతకుముందు 2014లో పన్నీర్‌సెల్వం చేత ముఖ్యమంత్రిగా ప్రమాణం చేయించింది ఈయనే. గవర్నరంటే రాసిచ్చిన ప్రసంగం చదవాలి కదా, మరి ఆ చురకలన్నీ రాజ్‌భవన్‌లో ఎవరి మీద విసిరేవారో!

వీడియో నాన్నకి పంపాను. పొద్దున్నే వాయిస్ మెసేజ్ వచ్చింది. మాటల్లేవు, నవ్వొక్కటే.